సాంబారు పునాదుల మీద విద్యార్థి ఐక్యత

మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసి రెండో సంవత్సరం తరగతులు మొదలయ్యేలోగా హైదరాబాదు విద్యార్థి తేల్చుకోవలసిన ప్రశ్నలలో అన్నిటికంటే జటిలమైనది చదువుకు సంబంధించినది కాదు. హాస్టల్లోనే కొనసాగాలా, నలుగురు మిత్రులతో కలిసి బయట గది తీసుకోవాలా అన్నది. మన ఇళ్లలో పెళ్లి సంబంధం కుదుర్చుకునేటప్పుడు కూడా ఇంత రాయబారం నడవదు. ఇంతటి విషయం మీద ఏ విశ్వవిద్యాలయమూ ఒక జాతీయ సదస్సు తలపెట్టినట్టు కనిపించదు కాబట్టి, ఆ లోటు తీర్చే బాధ్యతను ఈ వ్యాసం వినయపూర్వకంగా స్వీకరిస్తున్నది.

హాస్టల్‌ను సమర్థించేవారు లైబ్రరీ దగ్గరని, ఖర్చు తక్కువని, మోటారు కాలిపోతే మన నెత్తి మీదికి రాదని చెబుతుంటారు. ఇవన్నీ పైపై కారణాలు. హాస్టల్‌ను హాస్టల్‌గా నిలబెట్టేది మెస్సు సాంబారు. గరిటె ముంచి పైకెత్తితే అడుగునున్న ఒకే ఒక్క ములక్కాడ ముక్క ఒక్క క్షణం దర్శనమిచ్చి, ఎవరి కంచానికీ దక్కకుండా తిరిగి మునిగిపోయే ఆ ద్రవం ముందు ఆదిలాబాదు నుంచి వచ్చినవాడికీ నల్లగొండ నుంచి వచ్చినవాడికీ తేడా ఉండదు. పగలంతా ఒకరి పోస్టరు మీద ఒకరు పోస్టరు అంటించుకునే విద్యార్థి సంఘాల నాయకులు రాత్రికి ఖాళీ కంచాలు పట్టుకుని వార్డెన్ గది ముందు పక్కపక్కనే బైఠాయిస్తారు. 1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం 1969లోనూ 2009లోనూ తెలంగాణ ఉద్యమానికి ఆయువుపట్టుగా నిలిచిందని చరిత్రకారులు రాశారు. అన్ని వేల మందికి క్రమశిక్షణగా వరుసలో నిలబడి ఒకే గొంతుతో అరవడం నేర్పిన మెస్సు క్యూ గురించి మాత్రం వారు ఒక్క అధ్యాయమైనా కేటాయించలేదు.

ఈ సత్యం తెలియక అప్పుడప్పుడు ఎవరో ఒక ఉత్సాహవంతుడైన వార్డెన్ భోజనాన్ని బాగుచేస్తాడు. పప్పు చిక్కబడుతుంది, పెరుగు గిన్నెలో నిలబడుతుంది, ఆదివారం కోడికూరలో కోడి కనిపిస్తుంది. రెండు వారాలు తిరగకముందే గదుల్లో కలహాలు మొదలవుతాయి. ఫ్యాను మూడు మీద ఉండాలా ఐదు మీద ఉండాలా, అర్ధరాత్రి లైటు వేసుకుని చదవడం ఏ హక్కు కిందికి వస్తుంది, కిటికీ పక్క మంచం సీనియారిటీ ప్రకారమా లాటరీ ప్రకారమా అన్న వివాదాలు ఒక్కసారిగా పైకి తేలతాయి. ఉమ్మడి శత్రువు మాయమైతే మనిషి పక్కవాడి వైపు చూస్తాడు. సాంబారు మళ్లీ పల్చబడితే గానీ శాంతి నెలకొనదు.

ఇద్దరికి కేటాయించిన గదిలో ఐదుగురు పడుకోవడం కూడా ఈ సంఘీభావంలో భాగమే. సీటు రానివాడిని మిత్రుడు తన మంచం పక్కన నేల మీద దాచుకుంటాడు. అధికారులు అతణ్ణి నాన్‌బోర్డర్ అంటారు, మిత్రులు అన్నా అంటారు. ఏటా ఒకసారి నాన్‌బోర్డర్లను ఖాళీ చేయిస్తామని నోటీసు వెలువడుతుంది. అతికించిన రోజున దాన్ని అందరికంటే శ్రద్ధగా చదివేది కూడా నాన్‌బోర్డర్లే.

హాస్టలా, గదా అని ఎంచుకునే భాగ్యం అందరికీ ఉండదన్న సంగతి ఇక్కడ ఒప్పుకోవాలి. ఇంటి నుంచి డబ్బు రానివాడి మెస్సు బిల్లు ప్రభుత్వం ఇచ్చే స్కాలర్‌షిప్పు మీద ఆధారపడి ఉంటుంది. స్కాలర్‌షిప్పు బకాయిలు పేరుకుపోతాయి, మెస్సు బకాయి దానికి తోడుగా పెరుగుతుంది, చివరికి సర్టిఫికెట్ల కోసం వెళ్లినప్పుడు కౌంటరులోని గుమాస్తా నో డ్యూస్ కాగితం తెచ్చుకోమంటాడు. ప్రభుత్వం విద్యార్థికి బాకీ, విద్యార్థి మెస్సుకు బాకీ. ఈ గొలుసులో నిలదీయబడేది ఒక్క విద్యార్థి మాత్రమే. అటువంటివాడికి హాస్టలా, గదా అన్న చర్చ పక్క బెంచీలో జరిగే వినోదం.

గది తీసుకోగలిగినవారి కథ ఒక ఎక్సెల్ షీటుతో మొదలవుతుంది. నలుగురిలో లెక్కల్లో గట్టివాడొకడు అద్దెను నాలుగుతో భాగించి, హాస్టల్ కంటే నెలకు ఎంత మిగులుతుందో పసుపురంగు గడిలో చూపిస్తాడు. ఆ షీటులో బ్రోకరు కమిషన్ ఉండదు. చీపురు, బకెట్, మగ్గు, గ్యాస్ బండ, వాటర్ క్యాన్, ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్సులోంచి కోసుకునే పెయింటింగ్ ఖర్చు ఉండవు. 2021లో కేంద్రం రూపొందించిన నమూనా అద్దె చట్టం నివాస గృహానికి రెండు నెలల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోరాదని చెప్పింది. నమూనా చట్టాన్ని కూడా నమూనా ప్రశ్నపత్రంలాగే చూడాలని, అసలు పరీక్షలో అందులోంచి ఏమీ రాదని ఇంటి యజమానికి బాగా తెలుసు.

అగ్రిమెంటు పదకొండు నెలలకే రాయడం వెనుక కూడా శాస్త్రం ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం మూలపాఠం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించమన్నది కాబట్టి, పంచాంగకర్తలు ఏమన్నా సరే, అద్దె ఇంట్లో సంవత్సరానికి పదకొండే నెలలు. పన్నెండో నెలలో అద్దె పెరుగుతుంది.

ఇక ఇల్లు దొరకడం. తార్నాక, హబ్సిగూడ, విద్యానగర్ వీధుల్లో వేలాడే టు లెట్ బోర్డుల కింద "ఓన్లీ ఫ్యామిలీ" అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంటుంది. 2025లో హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల భూమి వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది గానీ, ఆ విశ్వవిద్యాలయానికి ఆనుకునే ఉన్న గోపన్‌పల్లిలో మంచమూ బల్లా పట్టే ఒక గది కోసం విద్యార్థులు చేసే పోరాటం ఏ న్యాయస్థానం దృష్టికీ రాదు. తలుపు తీసిన ఇంటావిడ ముందు, "ఏ ఊరు బిడ్డా మీది?" అని ఆప్యాయంగా అడుగుతుంది. ఊరు చెప్పాక, "ఇంటిపేరు ఏంది?" అంటుంది. ఇంటిపేరుతో సంగతి తేలకపోతే, "నీసు తింటరా?" అన్న మూడో ప్రశ్న సిద్ధంగా ఉంటుంది. కులం అడగడం అనాగరికమని ఈ నగరంలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ అడగరు, కనుక్కుంటారు. జవాబులు కుదరకపోతే ఆ ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేసి ఉంటారు, బోర్డు తీయడం మాత్రం మరచిపోయి ఉంటారు.

అమ్మాయిలకైతే ఇల్లు త్వరగానే దొరుకుతుంది, దాంతోపాటు ఒక అదనపు తల్లి కూడా దొరుకుతుంది. హాస్టల్ గేటు ఫలానా వేళకు మూసేస్తున్నారని సంతకాలు సేకరించి, ధర్నా చేసి, విసిగి బయటికి వచ్చిన అమ్మాయికి కింది వాటాలో ఇంటావిడ వరండాలో కుర్చీ వేసుకుని గేటుగా కూర్చుని ఉంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ ఆడవాళ్లకు చార్జీ లేదు కాబట్టి ఎంత దూరమైనా గది తీసుకోవచ్చని ఇంట్లో వాదించి గెలిచినా, ఆ బస్సు ఎక్కడి దాకా వచ్చింది, ఎందుకు ఆలస్యమైంది అన్న లెక్క ఇద్దరు తల్లులకు చెప్పుకోవాలి.

అటూ ఇటూ కాని మధ్యేమార్గం అమీర్‌పేట, దిల్‌సుఖ్‌నగర్ ప్రైవేటు హాస్టల్. 2024 జూన్‌లో జీఎస్టీ మండలి ఇటువంటి వసతికి పన్ను మినహాయిస్తూ రెండు షరతులు పెట్టింది: నెలకు మనిషికి 20,000 రూపాయలు మించరాదు, కనీసం 90 రోజులు ఏకధాటిగా ఉండాలి. రెండో షరతు రాసినవారు ఏనాడో ప్లైవుడ్ గోడల గదిలో పక్కవాడి అలారం మోతకు లేచినవారే అయి ఉండాలి. తొంభై రోజులు తట్టుకున్నవాడికి పన్ను మినహాయింపు చాలదు, ప్రశంసాపత్రం కూడా ఇవ్వాలి.

గది దొరికి, పాలు పొంగించి, నలుగురూ సెల్ఫీ దిగాక అసలు సమస్య బయటపడుతుంది. ఇక్కడ మెస్సు లేదు. అన్నం మాడితే వార్డెన్‌కు వినతిపత్రం ఇవ్వడం కుదరదు. మాడ్చినవాడు ఎదురుగానే కూర్చుని తింటున్నాడు. సింకులో కుక్కరు ఉంటుంది. దాని అడుగున మెతుకులు, మెతుకుల మీద నీళ్లు, నీళ్ల మీద రెండు రోజుల నాటి పప్పు తెట్టె. ఎవరిని అడిగినా "నానబెట్టాను" అంటారు. ఆ కుక్కరు సోమవారం నుంచి నానుతూనే ఉంది, గురువారానికి బయటి నుంచి బిర్యానీ వస్తుంది, దాని బిల్లు నలుగురి మధ్య పైసలతో సహా పంచబడుతుంది, ఎక్స్‌ట్రా రైతా ఎవరు తిన్నారన్న దగ్గర వాట్సాప్ గ్రూపు రెండుగా చీలుతుంది. నల్లా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో మోటారు వేయవలసినవాడు నిద్రపోతే మరునాడు ముగ్గురు స్నానం లేకుండా తరగతికి వెళతారు, నాలుగోవాడు ఊరికి వెళతాడు. మొదటి సంవత్సరం ఒకే కంచంలో తిన్నవాళ్లు రెండో సంవత్సరం దసరాకు ఫ్రిజ్‌లో పెరుగు డబ్బాల మీద పేర్లు రాసుకుంటారు.

ఈ దశలో గదిని కాపాడగలిగినది ఇంటి యజమాని ఒక్కడే. మీటరు పెట్టించి ఆధార్ అనుసంధానం చేసుకున్న ఇళ్లకు నెలకు 20,000 లీటర్ల నీళ్లు ఉచితమని 2021 జనవరి నుంచి అమలవుతున్నా, నీళ్ల బిల్లని మనిషికి ఇంత చొప్పున ఆయన వసూలు చేయాలి. రాత్రి పదింటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైతే పైకి వచ్చి తలుపు కొట్టాలి. ఆయన దిగిపోయాక నలుగురూ తలుపు వేసుకుని ఏకకంఠంతో తిట్టుకున్న ఆ పావుగంటలోనే కుక్కరు తోమబడుతుంది. మంచి యజమాని దొరికిన గదులు దసరా దాటవని స్థానిక అనుభవజ్ఞులు చెబుతారు.

కాబట్టి విశ్వవిద్యాలయాల పాలకులకు ఈ వ్యాసకర్త విన్నపం: మెస్సు సాంబారు జోలికి పోవద్దు, నిధులు మిగిలితే స్కాలర్‌షిప్పు బకాయిలు తీర్చండి. గది తీసుకునే మిత్రులకు మాత్రం ఒక చిన్న న్యాయ సలహా. కుక్కరును చందాలు వేసుకుని కొనవద్దు. పదకొండో నెల చివర పంపకాలు జరిగినప్పుడు గిన్నె ఒకడికి, మూత ఒకడికి, విజిల్ మరొకడికి పోయి, గ్యాస్కెట్ మిగిలినవాడు దాన్ని తీసుకుని తిరిగి హాస్టల్‌కు దరఖాస్తు పెట్టుకోవలసి వస్తుంది. ఎవరో ఒకరి పేరు మీదే కొని, మిగతా ముగ్గురూ వాడకానికి అద్దెగా వంతులవారీగా తోమాలని అగ్రిమెంటులో రాయించి, ఇంటి యజమాని చేత సాక్షి సంతకం పెట్టించుకోండి.