రిబ్బన్ కాదు, అంచు చూడండి

రిబ్బన్ రంగుల్ని బట్టి పాత మిలిటరీ పతకాలు గుర్తుపట్టొచ్చనీ, వాటిని చింతపండు పెట్టి తోమమనీ ఒకరు రాశారు. రిబ్బన్‌ని నమ్ముకుంటే మునిగినట్టే, అది ఎవరైనా మార్చేయొచ్చు. ముందు బిళ్ళ అంచు చూడాలి. మాది కావలి దగ్గర పల్లె. మా ముత్తాతది 1914-18 యుద్ధం నాటి వెండి పతకం, ఒకపక్క ఐదో జార్జి తల, రెండోపక్క గుర్రం మీద మనిషి. అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం సన్నటి ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టుంటాయి. మావాడి హోదా 'డి.వి.ఆర్.', అంటే డ్రైవర్. అప్పట్లో డ్రైవరంటే మోటారు కాదులెండి, ఎక్కువగా కంచరగాడిదలూ గుర్రాలూ తోలడమే!

ఇదే పతకం కంచులో కనబడితే నకిలీ అని పారేయకండి. లేబర్ కోర్ (యుద్ధంలో కూలిపనులు చేసే దళం) లాంటి వాటిల్లో పనిచేసిన మనవాళ్ళకి కంచువే ఇచ్చారు.

చింతపండు పెట్టి తోమమన్నారే, అదొక్కటి మాత్రం వద్దు. మా జేజి ప్రతి దసరాకీ అట్లాగే తళతళలాడించింది. ఇప్పుడు పటాలం పేరులో సగం అక్షరాలు లేవు. నెల్లూరులో ఒక కంసాలికి చూపిస్తే తూకమేసి వెండి రేటు చెప్పాడు. దండం పెట్టి తెచ్చేసుకున్నా.