ఎవరికండీ అంత స్పష్టం?

మా అక్క కూతురు ఇప్పుడే పుస్తకం మూసేసి లేచి వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ "పిన్నీ, వాళ్ళకి స్పష్టంగా కనిపిస్తోందట. నాకు కనిపించట్లేదు. లెక్కలు నావల్ల కావేమో" అంది. అరగంట నుంచి ఆ మాటే చెవుల్లో మోగుతోంది. నిద్ర పట్టేలా లేదు, అందుకే రాస్తున్నాను.

పిల్ల చదివేది జీవశాస్త్రం. ఒంట్లోకి వెళ్ళిన మందు గంటగంటకీ ఎంత తగ్గుతుందో లెక్క కట్టాలి. దానికి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, అంటే ఒకటి ఎంత వేగంగా మారుతోందో చెప్పే సమీకరణాలు, కావాలి. సైన్స్ చదివేవాళ్ళ కోసమే రాశామని అట్ట మీద పెద్దక్షరాలతో వేసుకున్న లావుపాటి పుస్తకం ఒకటి ముందేసుకుని కూర్చుంది. అందులో వేడి వస్తువు చల్లారే లెక్క ఉంది. వస్తువుకీ చుట్టూ ఉన్న గాలికీ ఉష్ణోగ్రతలో ఎంత తేడా ఉంటే దానికి తగ్గట్టుగా చల్లారే వేగం ఉంటుంది. అది ఒక లైను. దాని కింద "కనుక స్పష్టంగా" అని రాసి, e పవర్ మైనస్ kt (e అంటే 2.718 అనే సంఖ్య, k ఒక స్థిరాంకం, t గడిచిన కాలం) పెట్టి ఏకంగా చివరి జవాబు ఇచ్చేశారు. మధ్యలో ఏమీ లేదు! ఆ అమ్మాయి రెండు గంటలు ఆ రెండు లైన్ల మధ్య ఖాళీని చూస్తూ కూర్చుంది.

ఆ ఖాళీలో ఉండాల్సింది ఎంతని? గాలి ఉష్ణోగ్రత మారదు కాబట్టి వస్తువు ఎంత వేగంగా చల్లారితే తేడా కూడా అంతే వేగంగా తగ్గుతుంది. అంటే ఇక తేడా ఒక్కదాన్నే పట్టుకుంటే చాలు. రెండు వైపులా ఆ తేడాతో భాగించి ఇంటిగ్రేట్ చేస్తే లాగరిథమ్ వస్తుంది, దాన్ని విప్పితే ఆ e వస్తుంది, మొదట్లో ఉన్న తేడా స్థిరాంకమై ముందు నిలబడుతుంది. నాలుగు లైన్లు. నాలుగు లైన్ల కాగితం మిగుల్చుకుని ఒక పిల్ల ధైర్యాన్ని తీసేశారు.

పోనీ ప్రూఫ్ వద్దనుకుంటే అంకెలతోనైనా చెప్పొచ్చు కదా. గాలి 30 డిగ్రీలు, నీళ్ళు 90 డిగ్రీలు అనుకోండి. తేడా 60. పది నిమిషాల్లో నీళ్ళు 60కి దిగాయి, తేడా 30 అయింది, అంటే సగం. ఇంకో పది నిమిషాలకి ఆ తేడా మళ్ళీ సగమై 15 అవుతుంది, నీళ్ళు 45 డిగ్రీలకి వస్తాయి. మొదటి పది నిమిషాల్లో 30 డిగ్రీలు తగ్గినవి తర్వాతి పదిలో 15 డిగ్రీలే ఎందుకు తగ్గాయో చిన్నపిల్లలకి కూడా తెలిసిపోతుంది. చాలా మందులు రక్తంలో తగ్గేది ఇలాగే. రేడియోధార్మిక కార్బన్-14 సుమారు 5,730 ఏళ్ళకి సగం అయ్యేదీ ఇలాగే. కెపాసిటర్‌లో ఛార్జి దిగిపోయేదీ ఇలాగే. ఇన్ని శాస్త్రాలకీ ఒకే సమీకరణం! ఈ ఒక్క మాట చెప్పి ఉంటే ఆ పిల్ల ఈ రాత్రి ఎగిరి గంతేసేది. పుస్తకంలో మాత్రం కార్బన్ వేరే అధ్యాయంలో ఉంది, కెపాసిటర్ ఇంకెక్కడో ఉంది, మందుల సంగతి అసలు లేనే లేదు.

ఈ "స్పష్టం" జబ్బు ఇవాళ్టిది కాదు. గ్రహాల గమనం మీద ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ రాసిన మహాగ్రంథాన్ని నథానియల్ బౌడిచ్ ఇంగ్లిష్‌లోకి తెచ్చాడు. 1829 నుంచి 1839 దాకా నాలుగు సంపుటాలు వచ్చాయి. లాప్లాస్ "ఇది తేలిగ్గా కనిపిస్తుంది" అన్న ప్రతిచోటా తనకి గంటల తరబడి కష్టం ఉందని అర్థమయ్యేదని బౌడిచ్ అన్నట్టు చెబుతారు. ఆ వదిలేసిన మెట్లన్నీ ఆయన ఓపిగ్గా కట్టుకుంటూ పోతే గ్రంథం రెట్టింపు దాటింది. బౌడిచ్ పెద్దగా బడి చదువు లేకుండా సొంతంగా నేర్చుకున్న మనిషి. ఎక్కడ కాలు జారుతుందో ఆయనకి తెలుసు. ఇప్పుడు పుస్తకాలు రాసేవాళ్ళలో ఆ జారడం ఎంతమందికి గుర్తుంది?

ఇక "అనువర్తనాలు" అని అధ్యాయం చివర అతికించే లెక్కల సంగతి. నిచ్చెన లెక్క తెలియనివాళ్ళు లేరు. గోడకి ఆనించిన నిచ్చెన అడుగుభాగాన్ని ఒకే వేగంతో లాగుతుంటే పైకొన ఎంత వేగంగా జారుతుంది? చేయండి. చేసి, కొన నేలకి దగ్గరపడేకొద్దీ జవాబు ఏమవుతుందో చూడండి. అనంతం వైపు వెళ్తుంది! కాంతి వేగం కూడా దాటేస్తుంది! ఏ నిచ్చెనైనా అలా పడుతుందా? నిజంగా జరిగేది ఏమిటంటే, పైకొన నేలని తాకకముందే గోడని వదిలేస్తుంది, మనం రాసుకున్న సమీకరణం అక్కడితో చెల్లదు. సైన్స్‌లో గణితం వాడటం అంటే సగం ఇదే, ఏ సమీకరణం ఎంతవరకు పనిచేస్తుందో కనిపెట్టుకుని ఉండటం. ఆ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి లెక్క దొరకదు. నేను చూసిన పుస్తకాలన్నీ కొన మూడు మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు వేగం కనుక్కోమని, జవాబు వెనక పేజీలో వేసి వెళ్ళిపోయాయి. అదీ బేసి సంఖ్య లెక్క అయితేనే. సరి సంఖ్య లెక్కలకి జవాబులే ఉండవు. ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవాడికి తను చేసింది తప్పో ఒప్పో చెప్పేదెవరు?

అసలు నా కోపం ఈ రాత్రిది కాదు. నేను పదహారేళ్ళప్పుడు క్లాసులో లేచి నిలబడి "సార్, e అంటే 2.718 అంటున్నారు, అది ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగాను. "వచ్చింది, రాసుకో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను కూర్చున్నాను. ఆ తర్వాత ఏ లెక్కల క్లాసులోనూ నోరు తెరవలేదు. జవాబు ఎన్నేళ్ళకి దొరికిందో చెప్పను గానీ, దొరికిన రోజు మాత్రం ఏడుపొచ్చింది, అంత చిన్నది అది. ఏడాదికి నూటికి నూరు వడ్డీ అనుకుందాం. ఏడాది చివర ఒకేసారి కలిపితే ఒకటి రెండవుతుంది. నెలనెలా కలిపితే సుమారు 2.613. రోజూ కలిపితే 2.7146. క్షణక్షణం కలుపుతూ పోతే 2.718 దగ్గర ఆగిపోతుంది, అంతకు మించి పెరగదు. 1683లో జాకబ్ బెర్నూలీ ఈ వడ్డీ ప్రశ్నే వేసుకున్నాడు. ఇది చెప్పడానికి సార్‌కి రెండు నిమిషాలు పట్టేది. సార్‌ని కూడా ఏమనను, ఆయన చేతిలో ఉన్న పుస్తకంలోనూ అది లేదు.

ఆ 2.718 దగ్గరే, ఇన్నేళ్ళ తర్వాత, మా ఇంటి పిల్ల కూడా ఆగిపోయింది. నాకు ఎలా ఉంటుంది చెప్పండి?

గణితానికి ఉపయోగం చూపించమనడం దాన్ని కించపరచడమే అనేవాళ్ళు కొందరు వస్తారు. శాంకవాల మీద, అంటే శంకువుని కోస్తే వచ్చే దీర్ఘవృత్తం లాంటి వక్రాల మీద, గ్రీకు గణితవేత్త అపొలోనియస్ రాసింది క్రీస్తుకి రెండు శతాబ్దాల ముందు, గ్రహాల దారి దీర్ఘవృత్తమని కెప్లర్ ప్రకటించింది 1609లో. పద్దెనిమిది వందల ఏళ్ళు ఆ జ్యామితి తన అందంతోనే బతికింది, నేను కాదనను. కానీ ఫూరియర్ శ్రేణుల (ఒక ప్రమేయాన్ని సైన్, కొసైన్ అలల మొత్తంగా రాయడం) అధ్యాయం తెరిస్తే మొదటి పేజీ నిండా గుణకాల ఫార్ములాలే ఎందుకుంటాయి? ఘనపదార్థంలో వేడి ఎలా పాకుతుందో తెలుసుకోవాలని కదా ఫూరియర్ వాటిని పట్టుకున్నాడు, 1822లో అచ్చేసిన పుస్తకం పేరే వేడి గురించి. ఆ ప్రశ్న ముందు పెట్టండి. ఆయనకి ఏం కావాల్సి వచ్చిందో చెప్పండి. ఫార్ములా తర్వాత ఇవ్వండి, కంఠతా పట్టమన్నా పడతాం.

గణితవేత్త ఆయిలర్ చూపు పోయిన రోజుల్లో తన బీజగణితం పుస్తకాన్ని లెక్కలు తెలియని ఒక పనివాడికి చెబుతూ రాయించాడట, రాస్తూ రాస్తూ అతను నేర్చేసుకున్నాడని ఆ పుస్తకం ముందుమాటలోనే ఉంది. అచ్చుకి పంపే ముందు మీ పుస్తకాన్ని ఒక్క పిల్ల ముందు పెట్టి, పక్కన కూర్చుని, ఎక్కడ ఆగిపోతుందో చూశారా అండీ మీరు?

ఆ నాలుగు లైన్లూ, నీళ్ళు చల్లారే అంకెలూ, వడ్డీ లెక్కా కాగితం మీద రాశాను. ఆ పేజీలోనే పెట్టి పుస్తకం దాని బల్ల మీద ఉంచాను. "స్పష్టంగా" అన్న మాటని పెన్నుతో కొట్టేశాను.