మైలు పరుగుకు నెల రోజుల కోచింగా?

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దున్నే ఐదున్నరకు నిలబడితే రోజూ కనిపించేదే. పోలీసు ఉద్యోగం కోసం 1600 మీటర్లు, అంటే దాదాపు మైలు, ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లు. కొత్త బూట్లు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, మొదటి రౌండ్ చిరుతలా. మూడో రౌండ్ మలుపులో డొక్కలో పోటు, నడుం మీద చేతులు. ‘స్పీడ్ సరిపోతలేదురా’ అంటాడు దోస్తు. స్పీడ్ ఉంది తమ్ముడూ, మొదటి రౌండ్‌లో చూశాంగా. దాన్ని నాలుగు రౌండ్లు మోసే దమ్మే లేదు.

1600 మీటర్లకు కావాల్సిన శక్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆక్సిజన్ వాడుకునే తయారవుతుంది. నెలల తరబడి నెమ్మదిగా, పక్కవాడితో మాట్లాడుకుంటూ పరుగెత్తితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం తోస్తుంది, పిక్కల్లో సన్న రక్తనాళాలు పెరుగుతాయి. ఎముక గట్టిపడటానికి ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. నెల రోజుల కోచింగ్‌లో చాలామంది మోకాలి కింద నొప్పితో కూలబడేది అందుకే.

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ దీన్ని ఏనాడో చేసి చూపించాడు. పీటర్ స్నెల్ 800 మీటర్ల రన్నర్. రెండు రౌండ్ల ఆటగాడితో వారానికి 100 మైళ్లు పరుగెత్తించాడు, అందులో 22 మైళ్ల కొండదారి ఒకటి. జనం నవ్వారేమో గానీ, స్నెల్ 1960లో ఒలింపిక్ స్వర్ణం కొట్టాడు, 1962లో మైలును 3:54.4లో ముగించి ప్రపంచ రికార్డు రాశాడు.

ఇంగ్లండ్ రన్నర్ రోజర్ బానిస్టర్ సంగతేంటి, లంచ్ టైమ్‌లో 400 మీటర్ల స్పీడ్ పరుగులు పదేసి తీసే 1954లో మైలుకు నాలుగు నిమిషాల గోడ బద్దలు కొట్టాడు కదా అంటారు. నిజమే. కానీ ఆయన పరుగు మొదలుపెట్టింది 1946లో. ఆ ఎనిమిదేళ్లు లెక్కలోకి రావా?

కుర్రాళ్లనే అని లాభం లేదు. మన బతుకంతా నోటిఫికేషన్ చుట్టూ తిరుగుతోంది. 2022 ఏప్రిల్‌లో పోలీసు నోటిఫికేషన్, డిసెంబర్‌లో ఈవెంట్స్, అంటే పరుగులాంటి దేహదారుఢ్య పరీక్షలు. ఎనిమిది నెలలంటే దమ్ముకు పునాది వేసుకోవడానికి బంగారం లాంటి టైమ్. చాలామంది మాత్రం అక్టోబర్‌లో ప్రిలిమ్స్ ఫలితం వచ్చాకే బూట్లు కొన్నారు. 7 నిమిషాల 15 సెకన్లలో 1600 మీటర్లు పెద్ద ఘనతేమీ కాదు, అయినా దానికీ టెన్షనే. అంతకు ముందు ఏడాదే మన హన్మకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం ట్రాక్ మీద రన్నర్ హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లను 4:05.39లో పూర్తిచేసి, 19 ఏళ్ల నాటి జాతీయ రికార్డు చెరిపేసింది.

మొన్న ఆ మూడో రౌండ్ కుర్రాణ్ణే అడిగాను, రోజూ వస్తావా అని.

‘నోటిఫికేషన్ పడనీ సార్, అప్పటిసంది రోజూ ఉరుకుత’ అన్నాడు.