డబ్బాలు మూడు, సంచి ఒకటే

ఆఫీసుల్లో చెత్త తగ్గించడం గురించి వచ్చిన ఒక వ్యాసానికి ఇది నా జవాబు. రంగురంగుల చెత్తడబ్బాలు పెట్టి, క్లీనింగ్ కంపెనీలు 'గ్రీన్' లిక్విడ్‌లు వాడితే సగం పని అయిపోయినట్టేనని అందులో రాశారు. రాత్రి ఆ డబ్బాలు ఖాళీ చేసేటప్పుడు ఏం జరుగుతుందో కూడా రాయాల్సింది. చాలాచోట్ల మూడింట్లోదీ ఒకే నల్ల సంచిలోకి పోతుంది. ఊడ్చేవాళ్లను అని లాభం లేదు. బండికి ఒక్క సంచే తగిలించి, గంటలో అంతస్తంతా ముగించమంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు? రెండో సంచి, వేరుచేయడానికి పట్టే సమయం ముందు కాంట్రాక్టులో ఉండాలి.

చేతులు తుడుచుకున్న పేపర్ టవళ్లను కాగితాల డబ్బాలో వేయడం ఇంకో తంతు. వాటి పీచు అప్పటికే పొట్టిది, పైగా తడి. పక్కనున్న మంచి కాగితాన్ని కూడా పాడుచేస్తాయి.

ఇక లిక్విడ్‌ల సంగతి. సీసా మీద ఆకు బొమ్మ చూసి మురిసిపోయే బదులు, చిక్కటి లిక్విడ్ కొని నీళ్లు కలిపి, అదే స్ప్రే సీసాను మళ్లీ మళ్లీ నింపుకుంటే చెత్త నిజంగా తగ్గుతుంది. సీసా చాలావరకు హెచ్‌డీపీఈ అనే ఒకే రకం ప్లాస్టిక్, రీసైకిల్ అవుతుంది. ట్రిగ్గర్ అలా కాదు. రకరకాల ప్లాస్టిక్, తరచూ లోపల ఓ స్టీలు స్ప్రింగు ఉంటాయి కాబట్టి విప్పి దాచుకుని వాడుకోవడమే నయం. ఒక్క జాగ్రత్త: వృథా ఎందుకని మిగిలిన బ్లీచ్‌నూ టాయిలెట్ యాసిడ్‌నూ ఒకే క్యాన్‌లో పోయొద్దు, క్లోరిన్ వాయువు పుడుతుంది.

ఆ వ్యాసంలో మైక్రోఫైబర్ గుడ్డల్ని తెగ మెచ్చుకున్నారు. అవీ పాలిస్టర్, నైలాన్ దారాలే కదా, ఉతికినప్పుడల్లా నీళ్లలోకి పోయే పీచు మాటేమిటి?