లేని చిలకకు పచ్చకామెర్లు

ముందుగా ఒక విషయం స్పష్టం చేయాలి. నెల్లూరులో మా పెదనాన్న ఇంట్లో చిలక లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలకను పంజరంలో పెట్టి పెంచడం నేరం. మా పెదనాన్న చట్టమంటే గౌరవం ఉన్న మనిషి, హెల్మెట్ లేకుండా బండి తీయడు. దాన్ని పెట్రోలు ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతాడు. కాబట్టి ఆయన వరండాలో, తులసికోటకు ఎదురుగా, దూలానికి వేలాడే పంజరంలో చిలక లేదు. ఆ లేని చిలక పేరు చిట్టి. అది పోయిన సంక్రాంతి నుంచి పసుపు రంగుకు తిరగడం మొదలుపెట్టింది.

మొదట కుడి రెక్క మీద నాలుగు ఈకలు. తరవాత వీపు. శివరాత్రి నాటికి ఆకుపచ్చ చీర మీద ఎవరో పసుపు ఒలకబోసినట్టు తయారైంది. పెద్దమ్మ చూసి, "లక్ష్మీకళ వచ్చిందిరా అబ్బయా" అంది. అంతే, పంజరానికి పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టారు. వీధిలో వాళ్ళు చూడ్డానికి రావడం మొదలుపెట్టారు. వచ్చినవాళ్ళు ఊరికే రారు కదా, తలా ఒకటి చేతిలో పట్టుకొచ్చేవాళ్ళు. లడ్డూ ముక్క, జీడిపప్పు, బూందీ. ఒకాయన మలై కాజా తెచ్చాడు. అదే నెలలో మా పెదనాన్న గుంటలో రొయ్య ముప్ఫై కౌంటుకు, అంటే కిలోకు ముప్ఫై తూగేంత పెద్దదిగా, వచ్చింది. ఇంక ఎవరికైనా అనుమానం ఉంటుందా?

ఒకసారి శుభం అనుకున్నాక ప్రతిదీ శుభంగానే కనబడుతుంది. చిట్టి ముక్కు పొడుగ్గా పెరిగి కిందికి వంగింది. "రాజసం" అన్నారు. రోజంతా ఒళ్ళు ఉబ్బించుకుని కునుకు తీసేది. "ప్రశాంతత." తుమ్మేది. తుమ్మితే మాత్రం శుభం కాదు కాబట్టి దిష్టి తీశారు. ఎగరడం మానేసి ఏడాదయింది. పంజరంలో ఎగరడానికి ఏముంది గనక, అది నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు ఆ పక్షి భోజనక్రమం చూద్దాం. ఉదయం ఆరుకు కాఫీలో ముంచిన బిస్కట్టు. తొమ్మిదింటికి కారం దోశ అంచు, ఎర్రకారం బాగా పట్టినది. మధ్యాహ్నం నెయ్యి వేసిన పప్పన్నం, చివర్లో పెరుగన్నం. సాయంత్రం మురుకులు, మిక్చర్. శనివారం గుడి నుంచి పులిహోర. వీటి మధ్యలో నోరు ఖాళీగా ఉండకూడదని ఎప్పుడూ ఒక గిన్నె నిండా పొద్దుతిరుగుడు గింజలు. ఆ గిన్నె సంగతి చూడాల్సిందే. చిట్టి ఒక గింజను నాలుకతో నిలబెట్టి, అంచున టక్కున చీల్చి, పప్పు మింగి, పొట్టు మళ్ళీ గిన్నెలోనే వదిలేస్తుంది. కాసేపటికి గిన్నెలో అంతా పొట్టే. పైకి మాత్రం నిండు గిన్నె. పెద్దమ్మ ఉఫ్ అని ఊది చూసి, "అయ్యో, అన్నీ తినేసింది" అని మళ్ళీ పోస్తుంది. అదే చిలకల గుంపు చేలో పొద్దుతిరుగుడు మీద పడితే రైతు డబ్బా కొట్టి తోలతాడు. ఇక్కడ కిలోల లెక్కన కొని పోస్తారు. ఆ పప్పులో దాదాపు సగం నూనే. విటమిన్ ఎ, కాల్షియం నామమాత్రం. అడవిలో అయితే ఒక గింజ కోసం పది కొమ్మలు ఎగరాలి, ఇక్కడ తల వంచితే చాలు.

ఈ పిట్టను పెంచుతున్న మనిషి మేత గురించి తెలియనివాడా అంటే, అదీ కాదు. మా పెదనాన్నకు ఇందుకూరుపేట దగ్గర మూడు రొయ్యల గుంటలున్నాయి. వనామీ పిల్ల వేసిన ఎన్నో రోజున మేతలో ప్రొటీన్ ఎంత శాతం ఉండాలో, మేత నంబరు ఎప్పుడు మార్చాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. చెక్ ట్రే పైకి లాగి, మిగిలిన మేతను వేళ్ళతో నలిపి, రెండు రొయ్యల్ని ఎండకెదురుగా పట్టుకుని, పేగులో మేత గీత నిండుగా ఉందా, మధ్యలో తెగిందా అని చూస్తాడు. పెంకు మీద తెల్లచుక్క కనబడితే ఆ రాత్రి ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు. తెల్లారేసరికి శాంపిల్ ల్యాబ్‌లో ఉంటుంది. నాలుగు నెలలు బతికి ఎగుమతయ్యే ప్రాణికి ఇంత శాస్త్రం. సరిగా చూసుకుంటే ఇరవై ఏళ్ళకు పైగా బతకగల ప్రాణికి మిక్చర్ పొట్లం.

"రంగు మారింది పెదనాన్నా, అదే రొయ్య అయితే నువ్వు ఊరుకుంటావా?" అని అడిగాను.

ఆయన దగ్గర సిద్ధాంతం సిద్ధంగా ఉంది. మా వైపు వాళ్ళకు పక్షిశాస్త్రమంతా పులికాట్ నుంచే వచ్చింది. ఫ్లెమింగోలు తినే నాచులో, బుల్లి రొయ్యజాతి జీవుల్లో ఉండే కెరోటినాయిడ్ల వల్లే వాటికి గులాబీ రంగు వస్తుందని ప్రతి చలికాలం పేపర్లో చదువుతాం. (2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆ పక్షులు తిరుపతి జిల్లాకు వెళ్ళిపోయాయి. ఆ బాధ వేరు, దాని మీద ఇంకో వ్యాసం రాయాలి.) "ఫ్లెమింగో రొయ్య తిని ఎర్రబడింది. మన చిట్టి పులిహోర తిని పసుపు పట్టింది. ఇందులో టెన్షన్ పడేదేందిరా?" అన్నాడు పెదనాన్న. నిజం చెప్పొద్దూ, ఒక నిమిషం నేనూ నమ్మాను.

లేని చిలకను ఆసుపత్రికి తీసుకెళ్ళడం కుదరదు. ఫోన్లో ఫొటో తీసుకుని నేనే పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన మోచేతి దాకా గ్లోవ్ తొడుక్కుని ఒక బర్రె వెనకాల ఉన్నారు. "మా ఫ్రెండు వాళ్ళ ఫ్రెండు చిలకండి" అన్నాను. ఆయన ఫొటో వంక, నా వంక చూశారు.

"అంటే చిలక లేదు."

"లేదండి."

"సరే, ఆ లేని చిలక ఏం తింటుంది?"

చెప్పాను. పులిహోర దగ్గరికి వచ్చేసరికి బర్రె కూడా వెనక్కి తిరిగి చూసింది.

ఆయన చెప్పిందేమిటంటే, ఫ్లెమింగో లెక్క చిలకకు వర్తించదు. చిలకల్లోని పసుపు, ఎరుపు రంగులు తిండి నుంచి ఈకలోకి ఎక్కేవి కావు. సిట్టకోఫుల్విన్లనే ఆ రంగుల్ని చిలక తనకు తానే ఈకలో తయారుచేసుకుంటుంది. ఎన్ని కిలోల పసుపు తినిపించినా లాభం లేదు. ఇక ఆకుపచ్చ అనేది అసలు రంగు పదార్థమే కాదు. ఈక లోపల స్పాంజిలాంటి సన్నని అల్లిక ఒకటి ఉంటుంది. దాని మీద పడిన వెలుగులోంచి నీలం వెనక్కి చిమ్ముతుంది. ఆ నీలం నిలబడాలంటే వెనకాల మెలనిన్ అనే నల్లరంగు ఉండాలి. ఆ నీలమూ పైనున్న పసుపూ కలిసి మన కంటికి ఆకుపచ్చ. మాంసకృత్తులు చాలకో, కాలేయం కొవ్వు పట్టి చెడిపోయో ఈక సరిగా తయారవకపోతే, ఆ నల్లరంగు పడదు. నీలం మాయం, పసుపు ఒక్కటే మిగులుతుంది.

అంటే చిట్టికి పసుపు రాలేదు, నీలం పోయింది. లక్ష్మి వచ్చిందనుకుని మేం హారతి ఇస్తున్నది, ఖాళీ చేసి వెళ్ళిపోయిన అద్దెదారుకన్నమాట.

"పుట్టుకతో పసుపు చిలకలు ఉంటాయి, వాటికి కళ్ళు ఎర్రగా ఉంటాయి, అది వేరు," అన్నారు డాక్టరు. "వైరస్ వల్ల కూడా ఈకలు పాడవుతాయి. రక్తపరీక్ష లేకుండా ఖాయంగా చెప్పలేను. కానీ ఈ మెనూ, ఆ ముక్కు చూస్తే నేను ముందు లివర్నే అనుమానిస్తా. తుమ్ములకు విటమిన్ ఎ లోపం. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పచ్చగా ఉందేమో చూడండి."

వెళ్ళి చూశాను. పంజరం కింద పరిచింది నా పోయిన నెల వ్యాసం ఉన్న పేజీయే. పాఠకుల అభిప్రాయం దాని మీద ధారాళంగా ఉంది, పచ్చగానే ఉంది.

ఇక్కడ మన భాష చేసిన అన్యాయం ఒకటి చెప్పుకోవాలి. పచ్చకామెర్లలో పచ్చ అంటే పసుపు. పచ్చగడ్డిలో పచ్చ అంటే ఆకుపచ్చ. "నీ కాపురం పచ్చగా ఉండాలి" అని దీవించినప్పుడు ఏ పచ్చో దీవించినవాళ్ళకే తెలియదు. ఇంత అయోమయంలో చిలక రంగు మారితే కనిపెట్టమంటే ఎట్లా?

మేత మార్చడం మీద మా ఇంట్లో జరిగిన చర్చల్ని పూర్తిగా రాస్తే పేజీలు చాలవు. "నోరులేని దాని నోరు కడతారా?" అని పెద్దమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. నోరుందని, దానితోనే మురుకులు అడుగుతుందని నేను అనలేదు. గింజలు ఒక్కసారిగా ఆపకూడదని డాక్టరు ముందే హెచ్చరించారు. కొత్త తిండిని చిలక తిండిగా గుర్తించక పస్తులుంటుందట. రోజుకింత తగ్గిస్తూ, పెరట్లోని మునగాకు, తోటకూర, క్యారెట్, ఉడికించిన గుమ్మడి, చిలగడదుంప. మొదటి వారం మునగాకు కొమ్మను పీకి పీకి కింద పారేసింది. రెండో వారం పెద్దమ్మ తనే ఒక ఆకు నమిలి "అబ్బా, ఎంత బాగుందో" అని నటించింది. అప్పుడు తింది. ఆ నటనకు ఏ నంది అవార్డు ఇచ్చినా తక్కువే.

అమెరికా నుంచి వచ్చిన మా చెల్లెలు అవకాడో పెడతానంది. అది చిలకలకు విషం. డాక్టరుకు ఫోను చేసేలోపే ముక్క ముక్కు దగ్గరికి వెళ్ళింది, కానీ అప్పటికే చిట్టి దొంగతనంగా మిక్చర్ తిని ఉంది, కాబట్టి మొహం తిప్పుకుంది. మిక్చర్ ఒక ప్రాణం కాపాడిన సందర్భం నాకు తెలిసి ఇదొక్కటే.

పాత మెనూలో డాక్టరు మెచ్చుకున్న వస్తువు కూడా ఒకటుంది. ఏడుస్తుందేమో చూద్దామని పిల్లలు పెట్టే పండుమిరపకాయ. మనకు నాలుక మండించే క్యాప్సైసిన్ పిట్టలకు తెలియనే తెలియదట. పైగా పండుమిరపలో విటమిన్ ఎ కి కావలసిన సరుకు దండిగా ఉంటుంది. ఇంటిల్లిపాదీ ప్రేమతో పెట్టినవన్నీ కీడు చేస్తే, ఆకతాయి పిల్లలు ఏడిపించడానికి పెట్టింది మేలు చేసింది.

ఫలితం వెంటనే కనబడలేదు. ఒకసారి పూర్తిగా పెరిగిన ఈక మన వెంట్రుకలాంటిదే, దానికి రక్తం అందదు. అది రాలి కొత్తది మొలిస్తే తప్ప రంగు మారదు. ఆర్నెల్లు పట్టింది. ఒకరోజు పెదనాన్న పిలిచి, రొయ్య మొప్పలు చూసే భూతద్దం చేతికిచ్చాడు. వీపు మీద, పసుపు ఈకల మధ్య, తెల్లటి గొట్టం చీల్చుకుని వస్తున్న కొత్త ఈక. కొన వడ్లగింజంత. ఆకుపచ్చ. ఆయన చాలాసేపు చూసి, "ఈసారి రొయ్య కౌంట్ దెబ్బతింటదేమో రా" అన్నాడు.

ఇప్పుడు సగం వీపు ఆకుపచ్చ. చూడ్డానికి ఎవరూ రావడం లేదు. మొన్న ఎదురింటావిడ మాత్రం పాలప్యాకెట్ కోసం వచ్చి, పంజరం దగ్గర ఆగి, నొచ్చుకుంది.

"ఏంది వదినా, ఇట్లా పచ్చబడిపోయింది? ఏమన్నా జబ్బు చేసిందా?"