సవరణ: ప్యాంటన్ కుర్చీ గురించి

మొన్న ఆదివారం ప్రోటోటైప్‌ల (తయారీకి ముందు చేసి చూసే నమూనాల) మీద రాసిన పోస్టులో, డెన్మార్క్ డిజైనర్ వెర్నర్ ప్యాంటన్ గీసిన ఒంటి ముక్క ప్లాస్టిక్ కుర్చీ 1960లోనే అమ్మకానికి వచ్చిందని రాశాను. అది తప్పు. దాన్ని తయారు చేసే ఫర్నిచర్ సంస్థ విట్రా ప్రచురించిన చరిత్ర చూశాక సరిచేస్తున్నాను.

విట్రా సంస్థ ఆ కుర్చీని వరుసగా తయారు చేయడం మొదలుపెట్టింది 1967లో. అంతకుముందు కొన్నేళ్లపాటు నమూనా తర్వాత నమూనా చేసి చూశారు. వెనక కాళ్లు లేకుండా, S అక్షరంలా వంగిన కుర్చీ కదా, మనిషి బరువంతా ఆ వంపే మోయాలి. అది కాగితం మీద తేలే విషయం కాదు, కూర్చుని చూడాల్సిందే. మొదట ఫైబర్‌గ్లాస్‌తో చేశారు, తర్వాత వేరే ప్లాస్టిక్‌లకు మారారు. వాటిలో ఒకటి కాలక్రమేణా విరిగిపోతుండటంతో 1979లో తయారీ ఆపేశారు కూడా. అంటే నమూనాలో నిలిచిన పదార్థం కూడా ఏళ్ల వాడకంలో ఓడిపోవచ్చు.

ఇంకో మాట. ఆ పోస్టులో నేను 'నమూనా చాలు' అన్నదాన్ని, చిన్న అట్టబొమ్మ చాలని కొందరు అర్థం చేసుకున్నారు. నా ఉద్దేశం అది కాదు. విశాఖ గాజువాకలో వడ్రంగికి కుర్చీ చెప్పేవాళ్లు అసలు కొలతల్లో, చవక చెక్కతో ఒకటి చేయించి కూర్చుని చూడండి. బాల్కనీలో వేసేదైతే అసలు చెక్క ముక్కనీ, మేకులనీ కొన్ని నెలలు మన ఉప్పుగాలిలో ఉంచి చూడండి.

పాత పోస్టులో కుర్చీ అమ్మకానికి వచ్చిన సంవత్సరం మార్చాను.