లోవెల్ మిల్లు కిటికీ గారికి విన్నపము

మహారాజశ్రీ కిటికీ గారికి నమస్కరించి వ్రాయునది.

ఉభయకుశలోపరి అందామంటే, అమెరికాలోని లోవెల్ ఊళ్లో, అద్దె ఇళ్లుగా మార్చిన ఈ పాత బట్టల మిల్లులో కుశలంగా ఉన్నది తమరొక్కరే. తెరుచుకోని తమరి మరమ్మతుకు మనిషిని పంపిస్తామన్న యాజమాన్యం మాట నమ్మి, నిన్న సెలవు పెట్టి మధ్యాహ్నమంతా తమరి ఎదుటే కూర్చున్నాను. సాయంత్రానికి వచ్చింది మనిషి కాదు, ఈమెయిల్. తమరు చారిత్రక సంపద కనుక తమరిని తెరిపించడానికి వేరే అనుమతులు కావాలట. దాని అడుగునే అద్దె పెంపు!

తమరి పూర్వచరిత్ర నాకు తెలియనిది కాదు. మెరిమాక్ నది పాటకెట్ జలపాతం దగ్గర 32 అడుగులు దిగుతుందని చూసి, 1820లలో బోస్టన్ పెట్టుబడిదారులు ఆ నీటిని కాలువల్లోకి మళ్లించి మిల్లులు నడిపించారు. గాలి పొడిగా ఉంటే నూలు తెగుతుందని, తేమ పోకుండా కిటికీలకు మేకులు కొట్టారు. పత్తి ధూళి పీల్చిన ఆడపిల్లలు దగ్గినా ఫరవాలేదు, దారం మాత్రం తెగకూడదు. మిల్లులోకి పుస్తకాలు తేకూడదన్న నిబంధన ఉన్నందుకు, అక్కడ పనిచేసిన లూసీ లార్కమ్ అనే పిల్ల పత్రికల్లోని పద్యాలు కత్తిరించి తన కిటికీ పక్కనే అంటించుకుని చదువుకుంది. ఆ ఒక్క పుణ్యం తమరి వంశానికి దక్కిందని ఒప్పుకుంటాను.

ఈ ఊరి కాలువల మీద ఇంజనీరు జేమ్స్ ఫ్రాన్సిస్ తీర్చిదిద్దిన, నీటి తోపుడుతో తిరిగే టర్బైన్ రకమే నేటికీ మన శ్రీశైలంలో కరెంటు పుట్టిస్తోంది. వరద వస్తే దించడానికి ఆయన కట్టించిన పెద్ద చెక్క తలుపును చూసి జనం నవ్వారు. 1852 వరదలో ఊరిని కాపాడింది అదే. అంత భారీ తలుపును దించగలిగిన ఊళ్లో, ఒక్క కిటికీని పైకెత్తే నాథుడు లేడా?

ఇక మర్యాద నా వల్ల కాదు. లోపల నూలు లేదు, మగ్గం లేదు, తెగడానికి పోగు లేదు. ఇంకా ఎవరి లాభం కోసం బిగుసుకుని కూర్చున్నావయ్యా? గాలి రానివ్వని నిన్ను చూపించే కదా, "పొడవాటి చారిత్రక కిటికీలు" అని ప్రకటన వేసి నా దగ్గర అంత అద్దె గుంజుతున్నారు!

1836లో మిల్లు వసతిగృహాల్లో ఖర్చులు పెంచినందుకు ఆ ఆడపిల్లలు వేయిమందికి పైగా పని ఆపి వీధిలోకి వచ్చారు. నేనూ ఏదైనా ఆపి నిరసన తెలుపుదామంటే, ఈ గదిలో నడుస్తున్నది ఏసీ ఒక్కటే. అది ఆపితే ముందు పడిపోయేది యాజమాన్యం కాదు.

ఇట్లు,
నీ వెనుక ఉడుకుతున్న అద్దెదారు